మా రైల్వే గేటు సంగతి ఎవరికి చెప్పుకోవాలి? ఎంపీ పని అసలు ఎక్కడ మొదలవుతుంది?

సిగడాం_వాసి

మాది జి.సిగడాం మండలంలో రైలు పట్టాల పక్కనే ఉన్న పల్లె. ఊరు పట్టాలకు ఇవతల ఉంటే, పొలాల్లో సగం, పిల్లల హైస్కూలు, ఆసుపత్రికి వెళ్లే దారి అవతల ఉన్నాయి. హౌరా–చెన్నై ప్రధాన మార్గం కావడంతో ఒక బండి వెళ్లగానే ఇంకో బండి వస్తుంది, మధ్యలో గూడ్సు బండ్లు ఉండనే ఉన్నాయి. గేటు వేసి ఉన్నప్పుడు అటువాళ్లు అటే, ఇటువాళ్లు ఇటే నిలబడాలి.

కిందటి వానాకాలంలో మా అక్క కూతురికి నొప్పులు వచ్చి ఆటోలో తీసుకువెళుతుంటే గేటు పడింది. వరసగా మూడు బండ్లు వెళ్లాయి. గేటుమేన్ తన నిబంధన ప్రకారమే చేశాడు కాబట్టి అతన్ని అనడానికి ఏమీ లేదు. కాన్పు ఆటోలోనే అయింది. తల్లీబిడ్డ క్షేమంగా ఉన్నారు గానీ, ఆ అరగంటను మా ఇంట్లో ఎవరమూ మరచిపోలేకపోతున్నాం.

ఆ తరువాత ఊరి పెద్దలంతా కూర్చుని, పట్టాల కింద దారి గానీ పైవంతెన గానీ కావాలని అర్జీ రాసి రెండు వందల మందికి పైగా సంతకాలు పెట్టాం. ఒక కార్యాలయానికి వెళితే ఇది కేంద్రం పని, మీ ఎంపీకి చెప్పండి అన్నారు. మరో చోటికి వెళితే మీరు వేరే జిల్లావాళ్లు కదా అన్నారు. మా కలెక్టరేటు శ్రీకాకుళంలో ఉంది, మా ఓటు విజయనగరం ఎంపీకి పడుతుంది. ఇద్దరి మధ్యా మా అర్జీ ఎటు వెళ్లాలో ఎవరైనా వివరంగా చెప్పగలరా? దానితోపాటు ఇంకో మాట కూడా అడుగుతున్నాను. ఎంపీ పని అంటే ఏమిటి? నాకు నలభై ఏళ్లు వచ్చాయి, ఐదు లోక్‌సభ ఎన్నికల్లో ఓటు వేద్దామని వరసలో నిలబడ్డాను గానీ ఈ ప్రశ్నకు సూటిగా జవాబు చెప్పలేను.

నాగావళి_గట్టు

మొదటి ప్రశ్నకు జవాబు సులభం. మీ మండలం ఎచ్చెర్ల అసెంబ్లీ నియోజకవర్గంలో ఉంది, ఎచ్చెర్ల విజయనగరం లోక్‌సభ స్థానంలో ఉంది. 2008 పునర్విభజనలో బొబ్బిలి, పార్వతీపురం లోక్‌సభ స్థానాలు పోయి, 2009 ఎన్నికల నుంచి విజయనగరం స్థానం ఏర్పడినప్పుడే ఎచ్చెర్ల, రాజాం అటు వెళ్లాయి. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు వచ్చినప్పుడు రాజాం విజయనగరం జిల్లాలో కలిసింది, ఎచ్చెర్ల మాత్రం శ్రీకాకుళం జిల్లాలోనే ఉండిపోయింది. అందువల్ల మీ నాలుగు మండలాలవారికి, అంటే రణస్థలం, లావేరు, ఎచ్చెర్ల, జి.సిగడాం వారికి, ఈ రెండు పడవల ప్రయాణం తప్పడం లేదు.

పలాస_జీడి

సిగడాం_వాసి గారూ, అమ్మాయి, బిడ్డ క్షేమమని చదివి ఊపిరి పీల్చుకున్నాను. రెండు పడవల మాటకు వస్తే మా ఇబ్బంది ఇంకో రకంగా ఉంది. మాకు జిల్లా ఒకటే, ఎంపీ ఒకరే, రైల్వే డివిజన్లు మాత్రం రెండు. పలాస నుంచి దక్షిణంగా విశాఖ వైపు ఒక డివిజన్, పలాస దాటి సోంపేట, ఇచ్ఛాపురం వైపు ఒడిశాలోని ఖుర్దా రోడ్ డివిజన్. ఇచ్ఛాపురంవాళ్లకు ఒక బండి ఆగాలంటే భువనేశ్వర్ వైపు చూడాలి. ఉద్దానం కుర్రాళ్లలో సగం మంది చెన్నైలో, హైదరాబాదులో కూలికో వెల్డింగు పనికో వెళ్లేవాళ్లే. వాళ్లకు బండి ఆగడమంటే ఇంటికి రావడమే.

తీరం_కుర్రాడు

నాకు తెలిసినంతవరకు ఎంపీలు పెళ్లిళ్లకు, పరామర్శలకు, ప్రారంభోత్సవాలకు వస్తారు. మిగిలినదంతా ఢిల్లీలో ఏమి జరుగుతుందో మనకు కనబడదు. ఊరికి రోడ్డు వేసేది పంచాయతీ, పెన్షను ఇచ్చేది రాష్ట్రం, గొడవ వస్తే పిలిచేది ఎమ్మెల్యేని. మధ్యలో ఎంపీతో మనకు పని ఏమిటని మా ఊళ్లో చాలామంది అడుగుతారు, నేనూ అడుగుతున్నాను.

విశ్రాంత_గుమస్తా

నేను ముప్పై ఏళ్లకు పైగా ప్రభుత్వ ఉద్యోగం చేసి, అందులో చాలా కాలం ప్రణాళిక విభాగంలో ఎంపీ నిధుల ఫైళ్లు చూసి రిటైరైనవాణ్ణి. తెలిసినంత చెబుతాను, కొంచెం పొడుగవుతుంది, ఓర్చుకోండి.

ఎంపీ ల్యాడ్స్ అని మనం పిలిచే, ఎంపీల స్థానిక అభివృద్ధి నిధుల పథకం 1993 డిసెంబరులో మొదలైంది. మొదట ఐదు లక్షలు, మరుసటి ఏడాది కోటి, 1998–99 నుంచి రెండు కోట్లు, 2011–12 నుంచి ఏడాదికి ఐదు కోట్లు అయింది. కోవిడ్ కాలంలో దాన్ని నిలిపివేసి 2021 నవంబరులో తిరిగి మొదలుపెట్టారు. చాలామంది అనుకునేది ఏమిటంటే ఆ ఐదు కోట్లు ఎంపీ చేతికి వస్తాయని. ఒక్క రూపాయి కూడా రాదు. ఫలానా ఊళ్లో ఫలానా పని చేయండని ఆయన సిఫారసు లేఖ రాస్తారు, అంతే. ఆ పని నిబంధనలకు సరిపోతుందా, స్థలం ప్రభుత్వానిదేనా, ఎస్టిమేటు ఎంత అన్నది చూసి మంజూరు చేసేది కలెక్టరు, చేయించేది ఆయా శాఖల ఇంజనీర్లు. ఏటా ఇచ్చేదానిలో 15 శాతం ఎస్సీలు ఉండే ప్రాంతాలకు, ఏడున్నర శాతం ఎస్టీలు ఉండే ప్రాంతాలకు సిఫారసు చేయాలి.

ఇప్పుడు లెక్క చూడండి. లోక్‌సభ స్థానంలో ఏడు అసెంబ్లీ నియోజకవర్గాలు. ఐదు కోట్లను ఏడుతో భాగిస్తే ఒక్కొక్క దానికి 71 లక్షలు. ఒక్కొక్క అసెంబ్లీలో నాలుగేసి మండలాలు ఉన్నాయనుకుంటే మండలానికి పద్దెనిమిది లక్షలు కూడా రావు. ఒక సామాజిక భవనం, రెండు బోర్లు, ఒక బడి ప్రహరీ కడితే అయిపోతుంది. రైలు పట్టాల మీద పైవంతెనకు పదుల కోట్లు కావాలి. కాబట్టి సిగడాం_వాసి గారూ, ఎంపీ నిధుల నుంచి వంతెన ఇమ్మని మాత్రం అడగకండి. ఆ అర్జీ తీసుకున్నవారు మర్యాదగా పక్కన పెడతారు.

రెండు జిల్లాల సంగతి కూడా చెబుతాను. నియోజకవర్గం ఒకటికంటే ఎక్కువ జిల్లాల్లో ఉంటే ఎంపీ ఒక జిల్లాను నోడల్ జిల్లాగా ఎంచుకుంటారు. డబ్బు లెక్క అక్కడ ఉంటుంది, పని మాత్రం ఊరు ఉన్న జిల్లాలోనే జరుగుతుంది. కనుక మీరు వేరే జిల్లావాళ్లన్న మాట సరైన జవాబు కాదు.

చంపావతి_తీరం

గుమస్తా గారు చెప్పిన లెక్క చూశాక నాకు ఒక అభిప్రాయం గట్టిపడింది. ఈ నిధుల పథకమే ఉండకూడదు. చట్టం చేయవలసిన మనిషిని, ప్రభుత్వాన్ని ప్రశ్నించవలసిన మనిషిని బోర్లు, ప్రహరీ గోడలు పంచే మనిషిగా మార్చింది. అడిగేవాళ్లం మనమూ అలాగే తయారయ్యాం.

విశ్రాంత_గుమస్తా

ఈ వాదన సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. పథకం రాజ్యాంగ విరుద్ధం కాదని 2010లో తీర్పు వచ్చింది. తీర్పు సంగతి అలా ఉంచితే, చంపావతి_తీరం గారితో నేను సగం మాత్రమే ఏకీభవిస్తాను. కొండ పక్కన ఉన్న ఒక గూడేనికి మరే పద్దులోనూ ఇమడని ఒక తాగునీటి పని ఈ నిధుల వల్లే పూర్తయింది, ఆ ఫైలు నా చేతుల మీదుగానే నడిచింది. నీళ్లు వచ్చిన రోజు ఒక ముసలామె బిందె నెత్తిన పెట్టుకోకుండా ఇంటికి నడిచి వెళ్లడం చూశాను. అటువంటి పనికి వేరే దారి ఉండి ఉంటే పథకం వద్దని నేనూ అనేవాణ్ణి.

తీరం_కుర్రాడు

అయితే ఐదు కోట్లు కాకుండా ఎంపీ వల్ల జరిగే పని ఏదైనా ఒకటి చూపించండి, ఒప్పుకుంటాను.

వలకట్టు

తీరం_కుర్రాడు తమ్ముడూ, పేరు చూస్తే నువ్వూ సముద్రం ఒడ్డువాడివేలా ఉన్నావు. 2018 నవంబరు చివరలో జరిగింది గుర్తు తెచ్చుకో.

ఎచ్చెర్ల మండలం డి.మత్స్యలేశం మొదలైన ఊళ్ల నుంచి, విజయనగరం తీరం నుంచి మనవాళ్లు ఏటా గుజరాత్‌లోని వేరావల్ వెళ్లి అక్కడి బోట్ల మీద కూలికి వేట చేస్తారు. మన ఒడ్డున పెద్ద బోట్లు కట్టుకునే జెట్టీ లేకపోవడం వల్లే ఇంత దూరం పోవడం. ఆ ఏడాది వేటలో ఉండగా సరిహద్దు దాటారని వారిలో కొందరిని పాకిస్తాన్‌వాళ్లు పట్టుకుని కరాచీ జైలులో పెట్టారు. మా మేనమామ కూడా ఆ రోజుల్లో వేరావల్‌లోనే వేరే బోటు మీద ఉన్నాడు. ఆయన బోటు తిరిగి వచ్చిందన్న ఫోను వచ్చేదాకా మా అత్త అన్నం ముట్టలేదు. దొరికిపోయినవాళ్ల ఇళ్లలో పదమూడు నెలలకు పైగా ఎలా గడిచాయో అప్పుడు నాకు అర్థమైంది.

ఆ విషయంలో పంచాయతీ ఏమి చేయగలదు? ఎమ్మెల్యే ఏమి చేయగలరు? రాష్ట్ర ప్రభుత్వానికి కూడా పాకిస్తాన్‌తో మాట్లాడే వీలు లేదు. విదేశాంగ శాఖ మాట్లాడాలి, రెండు దేశాల హైకమిషన్లు ఖైదీల జాతీయతను ధ్రువీకరించాలి, ఆధార్ కార్డులు, రేషను కార్డులు, బోటు కాగితాలు అక్కడికి చేరాలి. ఈ ఊళ్ల నుంచి ఢిల్లీ దాకా ఆ కాగితం నడవాలంటే మధ్యలో అడిగేవాళ్లు ఉండాలి. పార్టీలతో పని లేకుండా చాలామంది అడిగారు, రాష్ట్రం అడిగింది, ఎంపీలు అడిగారు. 2020 జనవరి 6న వాఘా సరిహద్దులో ఇరవై మంది ఇటు అడుగుపెట్టారు. ఇది ఒక్క ఎంపీ గొప్ప అని నేను అనను. కానీ ఆ తలుపు తట్టగలిగే అధికారం మన తరఫున మొదట ఉన్నది ఎంపీకే.

తీరం_కుర్రాడు

అన్నయ్యా, ఒప్పుకున్నాను. మా నాన్న కూడా రెండు వేట కాలాలు వేరావల్ వెళ్లాడు. ఆ పేర్ల జాబితా పేపర్లో వచ్చిన రోజు మా అమ్మ దాన్ని నా చేత మూడుసార్లు చదివించింది. దాన్ని ఎంపీ పనితో కలిపి ఆలోచించలేదు, అంతే.

బొబ్బిలి_వీణ

వలకట్టు గారు చెప్పినదాన్ని కాస్త విస్తరించి చెబుతాను. నేను డిగ్రీ కళాశాలలో రాజనీతి శాస్త్రం చెబుతాను, కాబట్టి పాఠంలా అనిపిస్తే మన్నించాలి.

రాజ్యాంగం ఏడో షెడ్యూలులో కేంద్రానికి, రాష్ట్రానికి, ఉభయులకు చెందిన విషయాలు మూడు జాబితాలుగా ఉన్నాయి. రైల్వేలు, జాతీయ రహదారులు, విమానయానం, విదేశీ వ్యవహారాలు, కస్టమ్స్ సుంకాలు, అంతర్రాష్ట్ర నదులు కేంద్రానివి. సాగునీరు, ఆసుపత్రులు, స్థానిక సంస్థలు, పోలీసు రాష్ట్రానివి. మన రెండు జిల్లాల పెద్ద సమస్యలు ఎన్ని మొదటి జాబితాలో ఉన్నాయో లెక్క వేసుకోండి. సిగడాం గేటు రైల్వేది. ఇచ్ఛాపురం ఏ డివిజన్‌లో ఉండాలన్నది కూడా రైల్వేదే. పలాస జీడిపిక్కల మీద దిగుమతి సుంకం కేంద్రానిది. గల్ఫ్‌లో దళారీ చేతిలో మోసపోయిన కుర్రాడిని తెప్పించేది విదేశాంగ శాఖ. భోగాపురం విమానాశ్రయానికి అనుమతులు పౌర విమానయాన శాఖవి. మెంటాడ, దత్తిరాజేరు మండలాల్లో శాశ్వత ప్రాంగణానికి 2023 ఆగస్టులో శంకుస్థాపన జరిగిన గిరిజన విశ్వవిద్యాలయం కేంద్రానిది, 2014 విభజన చట్టం పదమూడో షెడ్యూలులో రాసి ఉన్నది. వంశధార మీద నేరడి బ్యారేజీ కూడా రాష్ట్రం ఒక్కటే తేల్చలేనిది. ఒడిశాతో తగవు కాబట్టి ట్రిబ్యునల్‌కు వెళ్లింది, 2017 సెప్టెంబరు 13న నేరడికి అనుకూలంగా తీర్పు వచ్చింది, ఆ తరువాత కూడా ఏళ్లు గడిచాయి.

ఎమ్మెల్యే ఎంత మంచివారైనా వీటిలో ఒక్కదాన్ని కూడా అసెంబ్లీలో తేల్చలేరు. ఎంపీ పని ఇక్కడ మొదలవుతుంది.

పలాస_జీడి

వీణ గారూ, జీడిపిక్కల సుంకం మాట ఎత్తినందుకు మీ ఇంటికి ఒక కిలో జీడిపప్పు గుళ్లు పంపాలి. ఎన్నికల సభల్లో కూడా ఆ మాట ఇంత శుభ్రంగా ఎవరూ చెప్పలేదు.

పైడితల్లి_ముంగిట

అధికారం ఉండటం సరే, దాన్ని వాడేది ఎలా? సభలో ఒక ఎంపీకి ఏమేమి మార్గాలు ఉన్నాయో కూడా చెబితే సిగడాంవారు అడిగేటప్పుడు ఫలానాది చేయండని అడగగలరు.

బొబ్బిలి_వీణ

సభ మొదలయ్యే తొలి గంట, పదకొండు నుంచి పన్నెండు దాకా, ప్రశ్నోత్తరాల సమయం. రోజుకు ఇరవై నక్షత్రపు ప్రశ్నలకు మంత్రి నిలబడి జవాబు చెప్పాలి, వాటి మీద అనుబంధ ప్రశ్నలు వేయవచ్చు. నక్షత్రం లేని ప్రశ్నలు రోజుకు 230 దాకా ఉంటాయి, వాటికి రాతపూర్వకంగా జవాబు వస్తుంది. పేపర్లలో మొదటివే కనబడతాయి గానీ, మన గేటు వంటి పనికి రెండోవే ఎక్కువ పనికివస్తాయి. ఫలానా లెవెల్ క్రాసింగు దగ్గర అండర్ బ్రిడ్జి ప్రతిపాదన ఏ దశలో ఉందని అడిగితే, రైల్వే మంత్రిత్వ శాఖ దిగువ కార్యాలయం దాకా దించి సమాచారం తెప్పించి సభ ముందు పెట్టాలి. ఆ జవాబు శాశ్వతంగా రికార్డులో ఉంటుంది, ఎవరైనా చూసుకోవచ్చు. తరువాత అత్యవసర విషయాలు ఎత్తే శూన్య గంట ఉంది, 377వ నిబంధన కింద నియోజకవర్గ సమస్యను చదివి వినిపించే అవకాశం ఉంది, బడ్జెట్ సమయంలో శాఖల పద్దుల మీద చర్చ ఉంది.

చాలామందికి తెలియనిది ఇంకొకటి ఉంది. పౌరులే లోక్‌సభకు పిటిషను పెట్టుకోవచ్చు. ఒక సభ్యుడు దాని మీద ప్రతిసంతకం చేసి సభకు సమర్పించాలి, పరిశీలించడానికి పదిహేను మంది సభ్యుల పిటిషన్ల కమిటీ ఉంటుంది.

నాగావళి_గట్టు

ఇక్కడ ఒక చిక్కు ఉంది, దాన్ని దాటవేయకూడదు. మంత్రి అయిన ఎంపీ ప్రశ్న అడగరు, జవాబు చెప్పే పక్షంలో ఉంటారు. శూన్య గంటలో లేచి మా ఊరి గేటు అని మాట్లాడరు. మన రెండు జిల్లాలకు మంత్రి పదవులు కొత్తేమీ కాదు. 1996లో ఎర్రన్నాయుడు గారు, 2012లో కిల్లి కృపారాణి గారు, 2014లో అశోక్ గజపతిరాజు గారు, 2024 జూన్ నుంచి రామ్మోహన్ నాయుడు గారు. మంత్రి అయితే జిల్లాకు లాభమని అందరూ సంబరపడతారు, నేనూ సంబరపడ్డాను. కానీ ఆ కాలంలో సభలో జిల్లా గొంతు తగ్గుతుందన్నది కూడా నిజమే కదా?

పలాస_జీడి

నాగావళి_గట్టు గారి మాటను నేను అంగీకరించను. ప్రశ్న అడిగి జవాబు కోసం చూసే మనిషికంటే, అదే వరసలో కూర్చున్న మంత్రికి నేరుగా చెప్పగలిగే మనిషి వల్ల పని త్వరగా జరగదా? మాకు కావలసింది ప్రసంగం కాదు, ఆగే బండి.

నాగావళి_గట్టు

త్వరగా జరగవచ్చు. అయితే నేరుగా చెప్పిన మాటకు రికార్డు ఉండదు. జరగకపోతే ఏమి అడిగారో, ఏమి జవాబు వచ్చిందో మనకు తెలిసే దారి లేదు. పైగా మంత్రికి దేశమంతటి శాఖ చూసుకునే బాధ్యత ఉంటుంది, తన జిల్లాకే చేశారన్న మాట రాకుండా జాగ్రత్త పడాలి. నేను ఎవరి పనితీరునూ తప్పు పట్టడం లేదు. మంత్రి జిల్లావాళ్లం అర్జీ రాతలో, దాని వెంటపడటంలో ఇంకా శ్రద్ధగా ఉండాలి అంటున్నాను.

చంపావతి_తీరం

ఈ విషయంలో నాగావళి_గట్టు గారితో నేను పూర్తిగా ఏకీభవిస్తున్నాను. సిగడాంవారి ఎంపీకి మంత్రి పదవి లేదు కనుక ప్రశ్నల దారి వారికి తెరిచే ఉంది. దాన్ని వదులుకోకూడదు.

ఉద్దానం_కొబ్బరి

సభలో మాట్లాడితే ఏమి వస్తుందని అడిగేవాళ్లకు రెండు అనుభవాలు చెబుతాను, ఒకటి చేదు, ఒకటి తీపి.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను మా నెత్తిన తీరం దాటింది. మా తాత నాటిన కొబ్బరి చెట్లు నలభైకి పైగా ఒక్క రాత్రిలో పడిపోయాయి. వరి పోతే మరుసటి ఏడు వేసుకుంటాం. కొబ్బరి పోతే కాపుకు రావడానికి ఆరేడేళ్లు, జీడితోటకూ ఏళ్లు పడుతుంది. రాష్ట్రం అడిగినది వేల కోట్లలో ఉంటే, కేంద్రం ఆ నవంబరులో 539 కోట్ల 52 లక్షలు మంజూరు చేసింది. కేంద్ర సాయం నిబంధనల్లో దీర్ఘకాలపు తోటకు హెక్టారుకు ఇంత అని ఒక పరిమితి ఉంటుంది, ముప్పై ఏళ్లు కాసే చెట్టుకు అది ఏ మూలకూ చాలదు. ఆ నిబంధన మారాలంటే జిల్లాలో ధర్నా చేస్తే మారదు, ఢిల్లీలో దాన్ని రాసేవాళ్లను ఒప్పించాలి. ఇప్పటికీ ఆ పని మిగిలే ఉందని నా బాధ.

రెండోది విశాఖ కేంద్రంగా ఉన్న వాల్తేరు రైల్వే డివిజన్. 2019 ఫిబ్రవరి 27న విశాఖ కేంద్రంగా దక్షిణ కోస్తా రైల్వే జోన్ ప్రకటిస్తూనే వాల్తేరు డివిజన్‌ను రెండు ముక్కలు చేసి, ఒక ముక్క విజయవాడకు, ఒక ముక్క కొత్త రాయగడ డివిజన్‌కు ఇస్తామన్నారు. ఉద్యోగ సంఘాలు, అన్ని పార్టీల ఎంపీలు ఆరేళ్లు అడుగుతూనే ఉన్నారు. 2025 ఫిబ్రవరిలో కేంద్ర మంత్రివర్గం ఆ నిర్ణయాన్ని మార్చి, పలాస నుంచి దువ్వాడ దాకా మొదలైన భాగాలతో విశాఖపట్నం డివిజన్‌గా ఉంచింది. రాసేసిన నిర్ణయం మారదని నేను అనుకునేవాణ్ణి. మారింది. పలాసకు ఉత్తరాన ఉన్న మా ముక్క మాత్రం కలవలేదు, కాబట్టి మేము అడగడం ఆపలేదు.

పైడితల్లి_ముంగిట

తీరం_కుర్రాడు మొదట అన్న మాట దగ్గరికి ఒకసారి వస్తాను. పెళ్లిళ్లకు, పరామర్శలకు రావడాన్ని అందరూ తేలికగా తీసేస్తున్నారు. మా పెద్దనాన్న కాలం చేసినప్పుడు ఆనాటి ఎంపీ వచ్చి పది నిమిషాలు అరుగు మీద కూర్చున్నారు. మా పెద్దమ్మ ఏడుస్తూనే, పెద్దనాన్న కిడ్నీ జబ్బుకు చేసిన అప్పు సంగతి చెప్పింది. ప్రధానమంత్రి సహాయ నిధికి చికిత్స జరుగుతున్నప్పుడే దరఖాస్తు పెట్టుకోవచ్చని, దానికి ఎంపీ లేఖ జతచేయవచ్చని మాకు ఆ రోజే తెలిసింది. మాకు ఆలస్యమైంది గానీ, ఆ మాట విన్న పక్కింటివాళ్లు తరువాత దాన్ని వాడుకున్నారు. ఆఫీసు మెట్లు ఎక్కడానికి జంకే మనిషి తన అరుగు మీద మాత్రం మాట్లాడగలదు. కాబట్టి ఆ రాకపోకలను పనిలో భాగంగానే చూడాలి.

తీరం_కుర్రాడు

పైడితల్లి_ముంగిట గారూ, ఆ మాట తొందరపడి అన్నాను. క్షమించండి.

విశ్రాంత_గుమస్తా

ఇంకొక వేదిక పేరు ఎవరూ చెప్పలేదు, నేను చెబుతాను. దిశ కమిటీ అని 2016 నుంచి ప్రతి జిల్లాలో ఉంది. ఎంపీ అధ్యక్షత వహిస్తారు, కలెక్టరు సభ్య కార్యదర్శి. ఉపాధి హామీ, గ్రామ సడక్, తాగునీరు వంటి కేంద్ర పథకాలు జిల్లాలో ఎలా నడుస్తున్నాయో మూడు నెలలకోసారి కూర్చుని అడగాలి. అధికారులు అంకెలతో రావాలి. జిల్లాలో ఒకరికంటే ఎక్కువ ఎంపీలు ఉంటే అందరూ అందులో ఉంటారు. శ్రీకాకుళం జిల్లా దిశ సమావేశంలో మీ ఎచ్చెర్ల ప్రాంతం తరఫున విజయనగరం ఎంపీకి కూడా మాట్లాడే హక్కు ఉంది. గేటుకు చేరే రోడ్డు రాష్ట్రానిది కాబట్టి, రైల్వే ఒప్పుకున్నాక ఆ రోడ్డు, భూసేకరణ సంగతి కదిలించాలంటే కలెక్టరు ఎదురుగా ఉండే ఈ చోటు పనికివస్తుంది. సోమవారం గ్రీవెన్స్‌లో కూడా ఒక ప్రతి ఇచ్చి రసీదు తీసుకోండి.

గార్డు_పెట్టె

రైల్వేలో పనిచేసి దిగినవాణ్ణి. ఇంతవరకు అందరూ ఎవరిని అడగాలో చెప్పారు, ఏమని అడగాలో నేను చెబుతాను.

గేటు స్థానంలో వంతెన కావాలన్నప్పుడు రైల్వే మొదట చూసే అంకెను టీవీయూ అంటారు. గేటు మీదుగా రోజుకు ఎన్ని బండ్లు వెళతాయో, ఎన్ని రోడ్డు వాహనాలు దాటతాయో లెక్కగట్టి రెంటినీ గుణిస్తారు. రోడ్డు వాహనాల్లో కారు, లారీ, ఎడ్లబండి ఒక్కో యూనిట్, ఆటో అర యూనిట్, మోటారు సైకిలు పావు యూనిట్. ఆ గుణకారం లక్ష దాటితే రైల్వే, రాష్ట్రం చెరిసగం ఖర్చు పెట్టుకుని వంతెన కట్టే పద్ధతి చాలాకాలంగా ఉంది. లక్షకు తక్కువైతే, ఆటో, ట్రాక్టరు పట్టేలా పట్టాల కింద తక్కువ ఎత్తు దారి, అంటే సబ్‌వే అడగవచ్చు. మీ ఊరికి అదే త్వరగా వస్తుందని నా అంచనా. ఒక్క జాగ్రత్త, పల్లపు భూమి అయితే వానాకాలం సబ్‌వేలో నీళ్లు నిలుస్తాయి. ఆ నీరు పోయే దారి కూడా అర్జీలోనే రాయండి, లేకపోతే కట్టిన తరువాత మరో అర్జీ మొదలవుతుంది.

మీ గేటుకు చివరిసారి తీసిన టీవీయూ ఎంతో సమాచార హక్కు చట్టం కింద పది రూపాయలు కట్టి డివిజన్ కార్యాలయాన్ని అడగండి. ముప్పై రోజుల్లో జవాబు రావాలి. ఆ కాగితాన్ని ఎంపీ లేఖకు జతచేస్తే, చదివినవాళ్లు మళ్లీ వివరాలు పంపండని తిప్పి పంపరు. ఎంపీ కార్యాలయానికి రోజూ వందల అర్జీలు వస్తాయి. వాటిలో అంకె, గేటు నంబరు, స్టేషన్ల పేర్లు ఉన్నవాటిని అక్కడి సహాయకుడు నేరుగా ప్రశ్నగా మార్చగలడు. మా ఊరికి వంతెన కావాలి అని మాత్రమే ఉన్నవాటిని ఎంత మంచి మనసున్నవాడైనా ఏమీ చేయలేడు.

బొబ్బిలి_వీణ

గార్డు_పెట్టె గారికి నమస్కారం. మా విద్యార్థులకు ఈ పోస్టును ఉన్నదున్నట్టుగా చదివి వినిపిస్తాను.

సిగడాం_వాసి గారూ, లోక్‌సభ ప్రశ్నకు కనీసం పదిహేను రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. కాబట్టి సమావేశాలు మొదలయ్యాక కాదు, తేదీలు ప్రకటించిన వెంటనే మీ కాగితం చేరేలా చూసుకోండి.

చంపావతి_తీరం

ఆటోలో కాన్పు అయిన సంగతి అర్జీలో రాయాలా వద్దా అన్నది కూడా ఆలోచించండి. అమ్మాయికి ఇష్టమైతేనే రాయండి. పేరు అక్కరలేదు, తేదీ, సమయం, గేటు ఎంతసేపు మూసి ఉంది అన్నవి చాలు.

సిగడాం_వాసి

అందరికీ ఒక్కొక్కరికీ విడివిడిగా జవాబు రాయలేకపోతున్నాను, ఏమీ అనుకోకండి. మా అక్క కూతురిని అడిగాను. పేరుతో సహా రాయమంది, ఇంకొకరికి అలా జరగకూడదంది. అయినా చంపావతి_తీరం గారు చెప్పినట్టు పేరు లేకుండానే రాస్తాం.

నిన్న ఆదివారం ఊళ్లో ఇంటరు చదివే పిల్లలు ఆరుగురిని రెండేసి మందిగా గేటు దగ్గర కూర్చోబెట్టి, ఉదయం ఆరు నుంచి రాత్రి ఎనిమిది దాకా దాటిన బండ్లను, వాహనాలను నోటుపుస్తకంలో గీతలు పెట్టి లెక్కించాం. ఆదివారం కావడంతో బడి ఆటోలు తక్కువ. అందుకని సోమవారం, సంత రోజు కూడా మళ్లీ లెక్కిస్తాం. పాత అర్జీని పక్కన పెట్టి కొత్తది రాయడం మొదలుపెట్టాను. పైవంతెన అన్న మాట తీసేసి సబ్‌వే అని రాశాను, నీళ్లు పోవడానికి పక్క గెడ్డ దాకా కాలువ కావాలని కూడా రాశాను. ఒక ప్రతి ఎంపీకి, ఒకటి డివిజన్ కార్యాలయానికి, ఒకటి కలెక్టరేటుకు.

గార్డు_పెట్టె గారూ, గేటు నంబరు ఎక్కడ చూడాలి? ఇన్నేళ్లుగా రోజూ దాటుతున్నాను గానీ ఎప్పుడూ చూడలేదు.

గార్డు_పెట్టె

గేటుమేన్ గది గోడ మీద పెద్ద అక్షరాలతో రాసి ఉంటుంది. దానితోపాటు పట్టాల పక్కన ఉండే రాయి మీద కిలోమీటరు అంకె, దగ్గరి విద్యుత్తు స్తంభం నంబరు కూడా రాసుకోండి. మూడూ ఉంటే ఎవరూ వేరే గేటు అనుకోవడానికి వీలుండదు. అర్జీ రాయడం పూర్తయ్యాక ఇక్కడ పెట్టండి, పంపే ముందు ఒకసారి చూస్తాను.

సిగడాం_వాసి

రేపు ఉదయం పాలు పోయడానికి వెళ్లేటప్పుడు మూడూ చూసి రాసుకుంటాను.